తప్పు పాడించే చోటు

హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ఎదురుగా ఉన్నది చెక్కపెట్టె. బయటి అలికిడి లోపలికి పోకుండా గోడలకి మందపాటి స్పాంజి అతికించారు. పైన చిన్న దీపం, పక్కన మైకు. దీపం ఇప్పుడే వెలిగింది. పెట్టెలో పక్షికి తెల్లవారింది.

ముందు గింజల చప్పుడు. కొర్రగింజని ముక్కులో దొర్లించి పొట్టు ఒలుస్తోంది. నీళ్ళగిన్నె దగ్గరికి గెంతింది. మళ్ళీ కర్ర మీదికెక్కి ఒళ్ళు దులుపుకుంది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మొదలైంది.

దీన్ని పాట అనడానికి నోరు రాదు. గరగరమని ఒక ధ్వని, వెంటనే సన్నటి కీచు, కొంచెం ఖాళీ, బుసలాంటిది ఒకటి, మళ్ళీ గరగర. ఒకటి సాగుతుంది, ఇంకొకటి పుట్టగానే తెగిపోతుంది. దేనికీ దేనితోనూ పొంతన లేదు. వాల్యూం పెంచితేగానీ వినపడనంత మెల్లగా ఉంది. గాజుపలకలోంచి చూడండి: కళ్ళు సగం మూతపడ్డాయి, గొంతు దగ్గరి ఈకలు మాత్రం అదురుతున్నాయి. ఎవరికో వినిపించాలని పాడుతున్నట్టు లేదు.

ఇది 40 రోజుల జీబ్రా ఫించ్ మగపిల్ల. పెద్దయ్యాక కూడా 12 గ్రాములకి కాస్త అటూ ఇటూగా తూగే పక్షి. మన ఊళ్ళలో పక్షుల దుకాణాల్లో ఎర్రటి ముక్కుతో, చెంపల మీద నారింజరంగు మచ్చలతో కనిపించే ఫించ్ ఇదే. ఈ పిల్లకి ఆ హంగులు ఇంకా పూర్తిగా రాలేదు. మనం కూర్చున్నది అమెరికాలో, బోస్టన్‌కి నది అవతల ఉన్న కేంబ్రిడ్జ్‌లో, ఎంఐటీలో. కాలం 2008 ప్రాంతం. మైకేల్ ఫీ బృందం ఇలాంటి గరగరల్ని రోజుల తరబడి రికార్డు చేస్తున్న రోజులు.

తెర మీదికి చూపు తిప్పండి. అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి. పై వరసలో ఈ పిల్ల తండ్రి పాట ఉంది. కొన్ని చిన్న ముక్కలు, ఒక్కో ముక్కకి తనదైన ఆకారం, మొత్తం కలిపితే సెకనుకి మించదు. ఆ వరసనే మళ్ళీ మళ్ళీ పాడతాడు తండ్రి. నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకదాని మీద ఒకటి పెడితే గీతలు తప్పవు. కింది వరసలో పిల్ల గరగర. బూడిద రంగు మరకలు, అంతే. రెంటికీ సంబంధం ఉందని చెప్తే నమ్మబుద్ధి కాదు.

కానీ ఆ పై వరస పిల్ల తలలో అప్పటికే ఉంది. గుడ్డు పగిలిన మూడో వారం నుంచే తండ్రి పాట వింటూ పెరిగింది. సొంతగడ్డ మీద అయితే ఆ వినికిడి ఆస్ట్రేలియా నడిబొడ్డున, మెట్టనేలలో, వాన పడి గడ్డి గింజకట్టిన రోజుల్లో, ముళ్ళపొద గూటిలో జరిగేది. ఇక్కడ పంజరంలో జరిగింది. జీబ్రా ఫించ్‌లలో పాడేది మగవే. ఆడవి పాడవు గానీ వింటాయి, గుర్తు పెట్టుకుంటాయి, పెద్దయ్యాక ఆ వినికిడితోనే జోడు ఎంచుకుంటాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రపంచంలో పదివేల పైచిలుకు పక్షి జాతులుంటే, విని నేర్చుకునేవి మూడు గుంపులే: చిలకలు, హమ్మింగ్‌బర్డ్‌లు, శాస్త్రజ్ఞులు పాటపిట్టలని పిలిచే పెద్ద గుంపు. మన కవులు తరతరాలుగా పాటకి పట్టం కట్టిన కోకిల ఈ మూడింటిలోనూ లేదు. అది కాకి గూట్లో పుడుతుంది, కాకుల అరుపుల మధ్య రెక్కలు తెచ్చుకుంటుంది, అయినా వసంతం రాగానే కోకిలలాగే కూస్తుంది. ఆ కూత పుట్టుకతో వచ్చింది. ఎదురుగా ఉన్న ఈ ఫించ్ పిల్ల సంగతి అది కాదు. తండ్రి పాటని ముక్కముక్కగా సంపాదించుకోవాలి. జోడు పిట్ట దగ్గర పరువు నిలబడాలంటే చేతిలో ఉన్నది ఇంకో యాభై రోజులే.

విన్నది గుర్తుంటే సరిపోతుందా? సరిపోదని చెప్పిన ప్రయోగం ఒకటుంది. చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. 1965లో మసకజు కొనిషి వైట్ క్రౌన్డ్ స్పారో అనే అమెరికా పక్షులకి చిన్నప్పుడే పెద్దల పాట వినిపించి, అవి సొంతంగా గొంతు విప్పకముందే వాటి వినికిడి తీసేశాడు. పాట జ్ఞాపకం తలలో భద్రంగానే ఉంది. అయినా అవి పెద్దయ్యాక పాడింది ఆ జాతి పాటే అనిపించనంత వికృతంగా ఉంది. తన గొంతు తను వినాలి, విన్నదాన్ని జ్ఞాపకంతో పోల్చుకోవాలి, తేడా పట్టుకోవాలి. ఆ పక్షులు మూల్యం చెల్లించి మనకిచ్చిన జ్ఞానం ఇది. ఆ తర్వాత జరిగిన పనంతా దీని మీదే నిలబడింది.

ఇప్పుడు పుర్రె లోపలికి వెళ్దాం. మన పిల్ల మళ్ళీ గొంతు సవరించుకుంటోంది, సరైన సమయం.

ఛాతీ దగ్గర మొదలుపెట్టి పైకి పోదాం. మనకి స్వరపేటిక గొంతులో ఉంటుంది. పక్షికి ఇంకా కిందికి, శ్వాసనాళం రెండు పాయలుగా చీలే చోట ఉంటుంది. దాని పేరు సిరింక్స్. ప్రతి పాయకీ వేరే కండరాలు, వేరే నరం. కొన్ని పక్షులు కుడివైపున ఒక శ్రుతి, ఎడమవైపున ఇంకో శ్రుతి ఒకేసారి పలికించగలవు. ఈ కండరాల వేగం వెన్నెముక ఉన్న జంతువులన్నిటిలోనూ అతి వేగమైన కండరాల సరసన నిలుస్తుంది. ముక్కకీ ముక్కకీ నడుమ ఒక చిటికెడు ఊపిరి. ఇవన్నీ కలిపి నడిపించే ఆజ్ఞలు మెదడు కాండం నుంచి వస్తున్నాయి. దానికి పైనుంచి ఆజ్ఞలిచ్చే న్యూరాన్ల గుత్తి ఒకటుంది. దాని పేరు ఆర్‌ఏ.

ఆర్‌ఏ దగ్గర ఆగండి. ఇక్కడికి రెండు దారులొచ్చి కలుస్తున్నాయి.

మొదటి దారి ఎచ్‌వీసీ అనే గుత్తి నుంచి సూటిగా వస్తుంది. రెండోది అదే ఎచ్‌వీసీలో పుట్టి, చుట్టు తిరిగి వస్తుంది: ఏరియా ఎక్స్ అనే చోటికి దిగి, థాలమస్ మీదుగా వెళ్ళి, ఎల్‌మాన్ అనే గుత్తిని తాకి, అక్కడినుంచి ఆర్‌ఏలోకి. 1976లో ఫెర్నాండో నాటెబోమ్, ఆయన సహచరులు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కెనరీ పక్షుల మెదళ్ళలో పాట కోసమే ఉన్న ఈ గుత్తుల్లో కొన్నిటిని గుర్తుపట్టినప్పుడు, ఒక నేర్చుకున్న విద్యకి మెదడులో ఇంత స్పష్టమైన చిరునామా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. సూటి దారి పని త్వరలోనే తేలింది. చుట్టుదారే చాలాకాలం అంతుబట్టలేదు. పెద్ద పక్షిలో ఎల్‌మాన్ తీసేస్తే పాటకి ఏమీ కాదు. పిల్లలో తీసేస్తే పాట ఎదుగుదలే ఆగిపోతుంది. సారా బాట్జర్ బృందం 1984లో చూపించింది ఇదే.

మరి ఇప్పుడు హెడ్‌ఫోన్లలో వినపడుతున్న ఈ గరగర ఏ దారి నుంచి వస్తోంది? పాడటం ఎచ్‌వీసీ పని అని అందరికీ తెలుసు. కాబట్టి పిల్ల గరగర కూడా ఇంకా పదును రాని ఎచ్‌వీసీ చేసే పనే అయి ఉండాలని ఎవరైనా అనుకుంటారు.

ఫీ బృందంలోని డిమిత్రి అరొనోవ్, ఆరన్ ఆండల్మన్ అలా అనుకుని వదిలెయ్యలేదు. చిన్న పిల్లల్లో ఎచ్‌వీసీని తీసేసి విన్నారు. పెట్టెలో గరగర అలాగే సాగింది. ఎల్‌మాన్‌ని నోరు మూయించి విన్నారు. నిశ్శబ్దం. పిల్ల గింజలు తింటోంది, గెంతుతోంది, పిలుపులు పిలుస్తోంది, పాట ప్రయత్నం మాత్రం లేదు. పెద్ద పక్షిలో ఎచ్‌వీసీ తీసేస్తే మరీ విచిత్రం: స్థిరపడ్డ పాట పోయి, చిన్ననాటి గరగర తిరిగి వచ్చింది. 2008లో ఈ ఫలితం అచ్చయింది.

అంటే తడబాటుకి విడిగా ఒక యంత్రాంగం ఉంది. పిల్ల మెదడు సరిగా పాడలేక తప్పు పాడటం లేదు. తప్పులు పుట్టించే పని ఎల్‌మాన్ ఒళ్ళు దాచుకోకుండా చేస్తోంది. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలో అపశ్రుతి వినగానే కసురుకునే పెద్దలకి ఈ ప్రయోగం గురించి కూర్చోబెట్టి చెప్పాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇంకో పెట్టె దగ్గరికి జరగండి. ఈ పిల్ల వయసు అరవై రోజులకి దగ్గర. విన్నారా, తేడా? ఇప్పుడు ముక్కలకి ఆకారం వచ్చింది. తండ్రి వరసలోని రెండో ముక్క పోల్చుకోవచ్చు, కాకపోతే ఒకసారి శ్రుతి పైకి, ఒకసారి కిందికి. నాలుగో ముక్క ఒక్కోసారి సాగుతోంది, ఒక్కోసారి ఎగిరిపోతోంది. ఇప్పుడు సన్నటి గొట్టంలోంచి ఒక చుక్క మందు ఎల్‌మాన్‌లోకి వెళ్తోంది. కొన్ని గంటలపాటు ఆ చోటు మాట్లాడదు. వినండి.

పాట బిగిసిపోయింది. ఇందాక దేనికది వేరేగా ఉన్న వరసలు ఇప్పుడు ఒకే అచ్చులోంచి వచ్చినట్టున్నాయి. తెర మీద గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయి. పెద్దపక్షి పాటలా నిలకడగా ఉంది, తండ్రి పాటతో పోలిస్తే మాత్రం ఇంకా సగమే. తడబాటు పోయింది, దాంతోపాటు వెతుకులాటా పోయింది. మందు ప్రభావం తగ్గాక మళ్ళీ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. 2005లో బెన్స్ ఒల్వెస్కీ, ఆండల్మన్, ఫీ విన్నది ఇదే. నా మటుకు ఈ రంగంలో ఇంతకంటే అందమైన ప్రయోగం లేదు. తప్పు చేసే స్వేచ్ఛని ఆపి, మళ్ళీ వదిలిన కొన్ని గంటలు అవి.

సరే, తప్పులు పుట్టాయి. వాటిలో ఏది ఉంచుకోవాలో ఎవరు చెప్తారు? పెట్టెలో గురువు లేడు. తండ్రి వేరే గదిలో ఉన్నాడు.

దీనికి జవాబు కోసం ఇథాకాకి, కార్నెల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి. అక్కడ జెస్సీ గోల్డ్‌బర్గ్ ప్రయోగశాలలో విక్రమ్ గదగ్కర్, ఆయన తోటివాళ్ళు పాడుతున్న ఫించ్ మెదడులో డోపమైన్ న్యూరాన్లు చేసే టపటపల్ని విడివిడిగా విన్నారు. ఏరియా ఎక్స్‌కి సమాచారం పంపే న్యూరాన్లు ఇవి. పక్షి ఒక ఫలానా ముక్క పాడే క్షణంలో స్పీకరులోంచి దాని చెవిన ఒక చెడు ధ్వని పడేస్తారు, తన గొంతే చెడిపోయిందనుకునేలా. ఒక్కోసారి పడేస్తారు, ఒక్కోసారి వదిలేస్తారు. ధ్వని పడిన కొద్దిసేపటికే ఆ న్యూరాన్ల టపటప తగ్గుతుంది. చెడుతుందని భయపడ్డ చోట చెడకుండా పాట సాగిపోతే, అదే న్యూరాన్లు ఒక్కసారిగా చురుకెత్తుతాయి. గింజ పెట్టినవాళ్ళు లేరు, నీళ్ళిచ్చినవాళ్ళు లేరు. దాహం తీరినప్పుడు జంతువు మెదడులో నడిచే లెక్కే ఇక్కడ సొంత పాట మీద నడుస్తోంది. అనుకున్నదానికంటే బాగా వచ్చిందా, చెడిందా అని లోపలే తీర్పు. 2016లో ఇది వెలువడింది.

ఆ తీర్పు అందుకునే ఏరియా ఎక్స్ మన మెదడులోని బేసల్ గాంగ్లియాకి సాటి వచ్చే భాగం. పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినే వ్యవస్థ అదే. పిల్లలో ఏరియా ఎక్స్ పాడైతే పాట ఎప్పటికీ కుదురుకోదు, ఊగుతూనే ఉంటుంది. ఎల్‌మాన్ పోతే ముందే బిగిసిపోతుంది. లోపిస్తే మనుషుల్లో మాట దెబ్బతినే ఫాక్స్‌పీ2 జన్యువు పనిని ఈ చోట తగ్గించి చూసినప్పుడు, పిల్ల తండ్రి పాటని అరకొరగా, తప్పులతో నేర్చుకుంది.

సాయంత్రమైంది. దీపం ఆరింది. పిల్ల తల వెనక్కి తిప్పి ఈకల్లో ముక్కు దూర్చింది. వెళ్ళిపోకండి, హెడ్‌ఫోన్లలో పాట లేకపోయినా ఎలక్ట్రోడ్ తీగలో చప్పుడుంది. 2000లో షికాగో విశ్వవిద్యాలయంలో అమీష్ దవే, డేనియల్ మార్గోలియాష్ నిద్రపోతున్న ఫించ్‌ల ఆర్‌ఏలో విన్నది ఇది: పగలు పాడినప్పుడు ఏ న్యూరాన్ ఏ క్రమంలో టపటపలాడిందో, రాత్రి గొంతు కదలకుండానే ఆ క్రమం మళ్ళీ నడుస్తోంది. మరి పొద్దున్నే పాట మెరుగవ్వాలి కదా? అవ్వదు. పిల్ల పక్షుల పాట పొద్దున లేవగానే నిన్న రాత్రికంటే చెదిరి ఉంటుందని, మధ్యాహ్నానికి కోలుకుంటుందని 2005లో సెబాస్టియన్ డెరెన్యోకూర్, ఒఫర్ చెర్నిఖోవ్‌స్కీ బృందం రోజురోజు రికార్డుల్లో చూసింది. ఏ పిల్లల పాట పొద్దున ఎక్కువ చెదిరిందో, చివరికి అవే తండ్రి పాటని ఎక్కువ దగ్గరగా నేర్చుకున్నాయి.

తొంభయ్యో రోజుకి రండి. పాట నిలబడింది. పెట్టెలో ఉన్నది ఇప్పుడు ముక్కు ఎర్రబడి, మెడ కింద నలుపూ తెలుపూ చారలొచ్చిన మగపక్షి. ఇప్పుడు సూటి దారిదే రాజ్యం. ఎచ్‌వీసీలో నిలబడి ఒక్క న్యూరాన్‌ని పట్టుకు చూడండి. పాట మొదలైంది, అది పలకదు. ఇంకా పలకదు. మూడో ముక్క మధ్యలో ఒకచోట ఆరు మిల్లీసెకన్లపాటు టపటపమని మళ్ళీ మౌనం. తర్వాతి వరసలో సరిగ్గా అదే చోట మళ్ళీ. పక్కనున్న న్యూరాన్‌ది ఇంకో క్షణం, దాని తర్వాతిది ఇంకో క్షణం. 2002లో రిచర్డ్ హాన్‌లోసర్, అలెక్సీ కొజెవ్నికోవ్, ఫీ ఇది చూశారు. గొంతెత్తకుండా తొడ మీద తాళం వేసే చెయ్యి ఈ ఎచ్‌వీసీ. ఏ క్షణం ఏ ధ్వని రావాలో ఆర్‌ఏ చూసుకుంటుంది. కాదేమో అనుకునేవాళ్ళ కోసం మైకేల్ లాంగ్, ఫీ 2008లో ఎచ్‌వీసీని చిన్న పరికరంతో చల్లబరిచారు. పాట 45 శాతం దాకా నెమ్మదించింది. శ్రుతి పెద్దగా మారలేదు, ముక్కల వరస తప్పలేదు, కాలం మాత్రం సాగింది. ఆర్‌ఏని చల్లబరిస్తే నడకలో తేడా కనిపించలేదు.

ఇక ఎల్‌మాన్‌కి పని లేనట్టేనా? పెట్టెలోకి ఒక ఆడపక్షిని వదిలి చూద్దాం. ఒంటరిగా ఉన్నప్పుడు మగపక్షి పాటలో, శ్రద్ధగా కొలిస్తే, ఇప్పటికీ చిన్న ఊగిసలాట ఉంది. ఆడపక్షి రాగానే ఎల్‌మాన్ తీరు మారింది, పాట అచ్చుగుద్దినట్టు బిగిసింది. ఆమె వెళ్ళిపోగానే మళ్ళీ సడలింది. ఇంకా పాట కుదరని కుర్ర పక్షులు కూడా ఆడపక్షి ముందు అప్పటికప్పుడు తమ వయసుకి మించి బాగా పాడతాయని సతోషి కొజిమా, ఆలిసన్ డూప్ 2011లో చూపించారు. అంటే వచ్చినదంతా లోపల ఉంది. ఏకాంతంలో దాన్ని కావాలని సడలించి వెతుకుతున్నాయి. పెద్దయ్యాక మిగిలిన ఆ కాస్త ఊగిసలాట కూడా వృథా కాదు. సాన్‌ఫ్రాన్సిస్కోలో ఎవ్రెన్ ట్యూమర్, మైకేల్ బ్రైనార్డ్ పెద్ద బెంగాలీస్ ఫించ్‌లకి ఒక ముక్క శ్రుతి ఫలానా హద్దు దాటితే హోరు వినిపించారు. గంటల్లోనే అవి ఆ ఒక్క ముక్క శ్రుతిని జరుపుకుని హోరుని తప్పించుకున్నాయి.

ఇన్ని చూశాక నన్ను పట్టి పీడించే ప్రశ్న పెట్టెలది కాదు, అడవిది. ఈ యంత్రాంగమంతా ఒక నమూనాతో పోల్చుకుని నడుస్తుంది. ఆ నమూనా దొరక్కపోతే?

మళ్ళీ ఆస్ట్రేలియాకే, ఈసారి ఆగ్నేయంగా, యూకలిప్టస్ అడవులకి. రీజెంట్ హనీఈటర్ అని నలుపూ పసుపూ కలిసిన తేనెపక్షి. ఒకప్పుడు వందలేసి పక్షుల గుంపులుగా తిరిగింది. అడవులు కొట్టేశాక ఇప్పుడు కొన్ని వందలే మిగిలాయి, అవీ ఒకదానికొకటి దూరంగా, ఎక్కడెక్కడో. ఒక చెట్టు కింద నిలబడి వినండి. పైనుంచి వస్తున్నది ఫ్రయర్‌బర్డ్ అనే వేరే జాతి పక్షి అరుపు. తలెత్తి చూస్తే కొమ్మ మీద ఉన్నది రీజెంట్ హనీఈటర్. గూడు విడిచిన పిల్లకి తన జాతి పెద్దమగవాడు వినపడలేదు, వినపడిన పక్షిని నేర్చుకుంది. రాస్ క్రేట్స్ బృందం 2021లో ప్రచురించిన లెక్కలో 12 శాతం మగపక్షులు పూర్తిగా వేరే జాతుల పాటలే పాడుతున్నాయి. ఇంకొన్ని తమ పాటనే కురచ చేసి పాడుతున్నాయి. వింతపాట పాడే మగవాటికి జోడు దొరకడం, గూడు కట్టడం తక్కువ. వాటి ఎల్‌మాన్‌లో లోపం లేదు, డోపమైన్ తీర్పులో లోపం లేదు. తప్పులు పుడుతున్నాయి, సరిచూసుకోవడం జరుగుతోంది, సరిచూసుకునే పాటే పరాయిది.

ఒంటరితనం పాటని ఎప్పటికీ చంపేస్తుందని అనుకోనక్కరలేదు. 2009లో ఓల్గా ఫెహేర్, పార్థ మిత్ర, చెర్నిఖోవ్‌స్కీ తదితరులు గురువు లేకుండా పెరిగిన జీబ్రా ఫించ్ మగపక్షిని పిల్లలకి గురువుగా పెట్టారు. దాని పాట సాగదీత, గరుకుతనం. పిల్లలు దాన్ని నేర్చుకుంటూనే కొద్దిగా సరిదిద్దాయి, వాటి శిష్యులు ఇంకొంచెం. మూడు నాలుగు తరాలకి అడవి ఫించ్ పాటలాంటిది తిరిగి వచ్చింది. కాకపోతే దానికి నాలుగు తరాలు వరసగా బతకాలి, పక్కపక్కన ఉండాలి. రీజెంట్ హనీఈటర్‌కి ఇప్పుడు లేనిది అదే. అందుకే సిడ్నీలోని టరోంగా జంతుప్రదర్శనశాలలో, అడవిలోకి వదలడానికి పెంచుతున్న పిల్లలకి ముందు అడవిపాట రికార్డులు వినిపించారు, తర్వాత ఆ పాట వచ్చిన అడవి మగపక్షుల్నే తెచ్చి పిల్లల పక్కన ఉంచారు. ఆ పక్షిశాలల్లో ఇప్పుడు గురువు ఒక కొమ్మ మీద పాడుతుంటాడు, ఇంకో కొమ్మ మీద పిల్లలు గరగరలాడుతుంటాయి.